ముద్దబంతి పసుపు: గోడకు, బట్టకు, శుభలేఖకు ఒకే రంగు కోసం రాసుకున్న డైరీ

అక్టోబరు 8

చెల్లి పెళ్లి ఫాల్గుణ మాసానికి ఖాయమైంది. పెళ్లి కల్యాణ మండపంలో జరిగినా, పెళ్లికూతురును చేసే వేడుక మాత్రం రాజమహేంద్రవరంలో తాతగారి నాటి ఇంట్లోనే జరగాలని అమ్మ పట్టుబట్టింది. కాబట్టి ఎన్నో ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని ముందు హాలును బాగుచేసే బాధ్యత నేను తీసుకున్నాను. హాలులో ఒక గోడ, పడమటి కిటికీకి వేలాడే రెండు తెరలు, ఆ రోజు చెల్లి వేసుకునే ఓణీ, బంధువులకు పంచే శుభలేఖ, ఈ నాలుగూ ఒకే పసుపులో ఉండాలన్నది నా కోరిక. ఆ పసుపు ఏదో తేల్చుకోవడానికి రంగుల దుకాణంలో ఇచ్చే పట్టికను పక్కన పెట్టి, కడియపులంక పూల మార్కెట్ నుంచి ఒక బుట్టెడు ముద్దబంతి పూలు తెప్పించాను. వాటిలో నిమ్మపండు రంగువి, నారింజ రంగువి విడిగా తీసేసి, ఆ రెంటికీ నడుమ బంగారు ఛాయతో ఉన్న ఒక్క పువ్వును ఎంచుకున్నాను. ఈ పని మొత్తానికి ఆ పువ్వే కొలమానం.

మన భాషలో ఈ రంగు చుట్టూ ఉన్న మాటలు నన్ను మొదటి రోజు నుంచీ ఆకట్టుకుంటున్నాయి. పసుపు, పసిమి, పసిడి, పచ్చ అన్నీ ఒకే కుదురుకు చెందిన మాటలు. కోడిగుడ్డులోని పచ్చసొనలోనూ, పచ్చకామెర్లలోనూ ఉన్న పచ్చ పసుపే అయినా, ఆకు మీదికి వచ్చేసరికి అదే మాట మరో రంగుకు పేరవుతుంది. ఈ రంగుకు ఎటువైపైనా జారిపోయే స్వభావం ఉందని భాషకు ముందే తెలుసని నాకనిపించింది. కొంచెం ఎరుపు తగిలితే అది నారింజ అవుతుంది, కొంచెం నలుపు తగిలితే ఆకుపచ్చ వైపు మళ్లుతుంది. ఈ పనిలో నేను ఎదుర్కోబోయే చిక్కులన్నీ ఆ జారుడులోనే ఉన్నాయి.

అక్టోబరు 11

రంగు కలపడానికి ముందు హాలులోని వెలుగును గమనించాను. హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు ఉంటుంది. తూర్పున వీధి వసారా లోతుగా ఉన్నందువల్ల ఉదయపు ఎండ లోపలికి రాదు. పడమటి కిటికీలోంచి మాత్రం మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఏటవాలుగా దిగి తూర్పు గోడ మీద పడుతుంది. నేల తాతగారు వేయించిన ఎర్ర గచ్చు. నూనె పెట్టి తుడిస్తే అది ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది.

ఒక పసుపు పచ్చని కాగితాన్ని తూర్పు గోడకు అంటించి, రోజులో నాలుగు వేళలలో చూశాను. ఉదయం ఏడింటికి అది చల్లగా, కొంచెం ఆకుపచ్చ ఛాయతో ఉన్నట్లు కనిపించింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఉన్నది ఉన్నట్లుగా ఉంది. సాయంత్రం నాలుగున్నరకు ఎండ నేరుగా పడేసరికి నారింజ అయింది. రాత్రి తెల్లటి ట్యూబ్‌లైటు కింద పాలిపోయి, జబ్బు చేసిన మనిషి ముఖంలా మారింది. నేలకు రెండడుగుల లోపు ఉన్న భాగం మాత్రం అన్ని వేళలలోనూ పై భాగం కంటే ఎర్రగానే కనిపించింది. గచ్చు మీద పడిన వెలుగు ఎరుపును మోసుకొని గోడ మీదికి ఎక్కుతున్నదని అప్పుడు అర్థమైంది.

కళ్లను నమ్మకుండా ఉండటానికి ఒక చిన్న పరికరం చేసుకున్నాను. బూడిద రంగు అట్టకు రూపాయి బిళ్లంత చిల్లులు రెండు, పక్కపక్కనే చేసి, ఒక చిల్లులోంచి పువ్వు, మరో చిల్లులోంచి నమూనా కనిపించేలా పట్టుకుంటే, చుట్టూ ఉన్న రంగుల ప్రభావం తప్పిపోయి రెండు పసుపులూ నిజంగా కలుస్తున్నాయో లేదో తెలుస్తుంది. నీలం పక్కన పెట్టిన పసుపు మరింత పదునుగా, ఎరుపు పక్కన పెట్టిన పసుపు మరింత మెత్తగా కనిపించడం కంటి సహజ గుణం. రెండు నమూనాలను వేర్వేరు పరిసరాలలో చూసి సరిపోయాయనుకుంటే మోసపోతాము.

అక్టోబరు 19

గోడ గీకడం మొదలైంది. తాతగారు ఇటుకకు సున్నపు గారతో పూత పూయించిన గోడ ఇది. దాని మీద తరువాతి కాలంలో ఎవరో రెండు మూడు పొరలు డిస్టెంపర్ వేయించారు. ఈ గోడకు మళ్లీ సున్నపు పూతే వేయించాలనుకున్నాను. కొత్త సున్నం తన కింద ఉన్న పాత సున్నంతోనే బంధం పెట్టుకుంటుంది తప్ప డిస్టెంపర్ మీద నిలవదు, పెచ్చులుగా లేచిపోతుంది. కాబట్టి అసలు గార బయటపడే దాకా గీకించక తప్పలేదు. మేస్త్రి గారు, ఆయన కుమారుడు రెండు రోజులు గీకారు.

ద్వారబంధం విషయంలో మాత్రం నేను పట్టుదలగా ఉన్నాను. గడపకు పసుపు రాసే పని తప్పించుకోవడానికి, మా చిన్నతనంలో దానికి పసుపు రంగు ఎనామిల్ వేయించి పైన ఎర్ర చుక్కలు పెట్టించారు. కోస్తాలో ఇప్పటికీ ఎన్నో ఇళ్లకు ఇదే పద్ధతి. ఆ కాలపు మెరుపు పసుపు ఎనామిళ్లలో చాలా భాగానికి రంగునిచ్చింది లెడ్ క్రోమేట్ అనే సీసపు లవణం. మన దేశంలో ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలలో 90) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మా గడప రంగు అంతకు చాలా ముందుది. పొడి సాండ్‌పేపరుతో రుద్దితే ఆ ధూళి గాలిలో కలిసి ఊపిరితిత్తులలోకి పోతుంది, నేల మీద పడితే పాకే పిల్లల చేతికి అంటుతుంది. అందుకని నీళ్లు చల్లి, తడిపి గీకాలని, పెచ్చులను పాత గోనెసంచిలో కట్టి పక్కన పెట్టాలని, పని జరిగే రెండు రోజులూ మా పిన్ని మనవడిని ఆ వైపు రానివ్వకూడదని చెప్పాను. మేస్త్రి గారు, "నలభై ఏళ్లుగా పొడిగానే గీకుతున్నామమ్మా, ఏం కాలేదు" అన్నారు. ఆయనకూ, ఆయన కుమారునికీ మూతికి గుడ్డలు కాక సరైన మాస్కులు తెచ్చి ఇచ్చి, ఈసారికి నా మాట వినమని అడిగాను. విన్నారు. రంగు పోయాక లోపలి నుంచి టేకు బయటపడింది. దానిని అలాగే ఉంచాలని నిర్ణయించుకున్నాము.

అక్టోబరు 27

గుల్లసున్నం తెప్పించి, నీటిలో వేసి ఉడకనిచ్చి, మూడు వారాలు మాగడానికి తొట్టెలో పెట్టాము. పైన రెండంగుళాల నీరు నిలిచి ఉండాలి, గాలి తగలకూడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటే సున్నం తొట్టెలోనే రాయిగా మారిపోతుంది. ఆ మార్పు గోడ మీద జరగాలి.

సున్నానికి ఏ రంగు కలపాలన్నది అసలు ప్రశ్న. పక్కింటి పెద్దమ్మ వచ్చి, "ఇంట్లో పసుపు ఉండగా రంగు కొనడం ఎందుకే" అన్నారు. అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, తమలపాకు మీద చిటికెడు పసుపు, పక్కన వేలి కొనంత సున్నం తెచ్చి, రెండూ కలిపి చూపించింది. రెప్పపాటులో అది ఎర్రబారి పారాణి అయింది. పెళ్లికూతురు పాదాలకు దిద్దే ఎరుపు ఇలాగే పుడుతుందని తెలిసి కూడా, గోడకు వేసే రంగు గురించి ఆలోచించేటప్పుడు నాకు అది తట్టనే లేదు. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం గట్టి క్షారం. ఎంత పసుపు కలిపినా ఆ గోడ ఇటుక రంగులోకి పోవలసిందే, అది కూడా ఎండకు కొద్ది రోజులలో వెలిసిపోతుంది.

సున్నంలో నిలిచేవి మట్టి రంగులే. పసుపు మట్టి అంటే నీటితో కలిసిన ఇనుప ఆక్సైడు. క్షారం దానిని ఏమీ చేయలేదు, ఎండా ఏమీ చేయలేదు. ఉమ్మడి కర్నూలు జిల్లా గనుల నుంచి ఈ మట్టి రంగు వస్తుంది. దానినే కాలిస్తే నీరు పోయి ఎర్రమట్టి అవుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ అరుగులకు పూసే జాజు ఆ జాతికి చెందినదే. ముద్దబంతి ఛాయ రావాలంటే పసుపు మట్టి ఒక్కటే చాలదు, దానిలో ఎండుగడ్డి పోలిక ఉంటుంది. ఆ పోలికను చెరపడానికి చిటికెడు జాజు కలపాలని అనుకున్నాను.

నవంబరు 6

పాత ఇటుక పలకల మీద సున్నపు గార పూసి, ఆరిన తరువాత నమూనాలు వేశాను. సున్నపు ముద్ద బరువులో నాలుగు, ఆరు, ఎనిమిది, పది శాతం చొప్పున పసుపు మట్టి కలిపాను. పది దాటితే సున్నానికి రంగును పట్టి ఉంచే శక్తి తగ్గిపోయి, చేత్తో తుడిస్తే పొడి అంటుతుంది. కాబట్టి అక్కడితో ఆగాను.

సున్నపు పూతలో రంగును తడిగా ఉన్నప్పుడు చూసి తీర్పు చెప్పకూడదు. తడిగా ఉన్నప్పుడు ఎనిమిది శాతం పలక బెల్లం పాకంలా ముదురుగా ఉండగా, పెద్దమ్మ చూసి భయపడ్డారు. రెండో రోజుకు అది మామిడిపండు తొక్క రంగుకు, నాలుగో రోజుకు ముద్దబంతికి ఒక మెట్టు కింద ఉన్న లేత బంగారానికి వచ్చింది. జాజు కలిపినవి మూడు రకాలుగా చేశాను. ఐదు కిలోల సున్నపు ముద్దకు నాలుగు వందల గ్రాముల పసుపు మట్టి, ఇరవై గ్రాముల జాజు పడే లెక్కన చేసిన పలక మధ్యాహ్నపు వెలుగులో పువ్వుతో దాదాపు కలిసింది.

అయితే ఆ పలకను తూర్పు గోడకు ఆనించి సాయంత్రం నాలుగున్నరకు చూస్తే, పడమటి ఎండకు, గచ్చు ఎరుపుకు తోడై అది ముద్దబంతిని దాటి కాషాయం వైపు పోయింది. అప్పుడు జాజును పది గ్రాములకు తగ్గించాను. మధ్యాహ్నం పువ్వు కంటే కొంచెం చల్లగా, సాయంత్రం పువ్వు కంటే కొంచెం వెచ్చగా ఉంటుంది. వేడుక జరిగేది ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు కాబట్టి, ఈ సర్దుబాటు నాకు నచ్చింది.

నవంబరు 13

బట్ట పని మొదలుపెట్టాను. మొదటి ప్రయత్నం పూర్తిగా పాడైంది. నూలుకు ప్రకృతి రంగులు నేరుగా అంటవు. ముందు కరక్కాయ కషాయంలో నానబెట్టి, తరువాత పటిక నీటిలో ముంచి, ఆ పైన రంగు పట్టించాలి. కరక్కాయలోని వగరు నూలును పట్టుకుంటుంది, పటిక ఆ వగరును పట్టుకుంటుంది, రంగు పటికను పట్టుకుంటుంది. మన కలంకారీ పనివారి విద్యకు మూలం ఇదే. నేను కూడా ఆ వరుసలోనే చేశాను గానీ, ఇంటి బోరు నీళ్లు వాడాను. కరక్కాయ నీటిలోంచి తీసిన గుడ్డ పేలికలు గంధపు రంగులో ఉండవలసింది పోయి బూడిద రంగులో ఉన్నాయి. బంతి రసంలో ముంచాక వాడిన ఆలివ్ ఆకుల రంగు వచ్చింది.

కారణం మా స్నానాల గదిలోని బకెట్టు మీదే రాసి ఉంది. దాని అంచున ఎర్రటి తుప్పు చార ఎప్పుడూ ఉంటుంది. మా బోరు నీటిలో ఇనుము ఎక్కువ. ఇనుము, కరక్కాయ కలిస్తే నలుపు పుడుతుంది. కలంకారీలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి తయారుచేసే కసిమి, కరక్కాయ పట్టిన బట్ట మీద నల్ల గీతగా మారేది ఈ గుణం వల్లనే. అక్కడ కోరి తెచ్చుకునే నలుపు నా పసుపులోకి పిలవకుండా వచ్చింది. ఆ పేలికలను పారేయకుండా దాచాను. తెరల అంచు కుట్టడానికి ఆ ఆలివ్ రంగు పనికివస్తుందని చెల్లి చెప్పింది, ఆమె మాట నిజమే.

నవంబరు 17

ఈసారి మునిసిపాలిటీ కొళాయి నీళ్లు, స్టీలు గిన్నె, చెక్క గరిటె మాత్రమే వాడాను. ప్రయత్నానికి మూడు రకాల రంగులు తీసుకున్నాను: ఇంట్లోని పసుపు కొమ్ములు దంచిన పొడి, ముద్దబంతి రేకలు, పండ్లరసాల దుకాణం నుంచి అడిగి తెచ్చి ఎండబెట్టిన దానిమ్మ తొక్కలు. బంతి పూలకు అడుగున ఉండే ఆకుపచ్చ తొడిమను వదిలి, రేకలు మాత్రమే ఒలిచాను. తొడిమ కలిస్తే పసుపు మురికిగా మారుతుంది. రసం మరగకూడదు. చేయి పెట్టలేనంత వేడి చాలు, ముప్పావు గంట అలా ఉంచితే సరిపోతుంది. మరిగిస్తే గోధుమ ఛాయ దిగుతుంది.

గిన్నెలోంచి తీసినప్పుడు మూడింటిలో పసుపు కొమ్ము రంగే అందరి చూపునూ లాగింది. అంత ప్రకాశం మిగతా రెంటికీ లేదు. బంతిది నిండైన బంగారం. దానిమ్మది కొంచెం ఖాకీ కలిసిన పసుపు. మూడింటి పేలికలనూ సగానికి అట్టతో కప్పి, పడమటి కిటికీ అద్దానికి లోపలి వైపున అంటించాను. మూడు వారాల పాటు ఎండే తీర్పరి.

డిసెంబరు 8

అట్టలు తీసి చూశాము. పసుపు కొమ్ము పేలిక ఎండ తగిలిన సగం దాదాపు తెల్లబడి, కప్పిన సగం మాత్రం మొదటి రోజులాగే ఉంది. రెంటి మధ్య గీత గీసినట్లుగా హద్దు కనిపించింది. బంతి కొంచెం తగ్గింది, చూడగానే తెలియదు గానీ చిల్లుల అట్టతో చూస్తే తెలుస్తుంది. దానిమ్మలో నేను ఏ తేడానూ పట్టుకోలేకపోయాను.

ఈ బలహీనత కొత్తది కాదు. పాత కోరమాండల్ అద్దకపు బట్టలు, మన తీరం నుంచి ఐరోపాకు పోయి ఇప్పుడు అక్కడి మ్యూజియంలలో ఉన్నవి, ఫొటోలలో చూసినా ఒక విషయం కనబడుతుంది. వాటిలో చాలా తీగల ఆకులు నీలంగా ఉంటాయి. అద్దిన నాడు అవి నీలం కావు. నీలిమందు మీద పసుపు పూసి తెచ్చిన ఆకుపచ్చ అది. శతాబ్దాలలో పసుపు వెలిసిపోయి నీలం ఒంటరిగా మిగిలింది. ఎరుపు, నలుపు, నీలం నిలిచి పసుపు మాత్రమే పోయిన ఆ ఆకులను తలచుకున్నప్పుడల్లా, ఈ రంగును ఎక్కడ వాడాలో నిర్ణయించవలసింది దాని ఆయుష్షును బట్టేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అందువల్ల నిర్ణయం ఇది. ఏడాది పొడుగునా ఎండలో వేలాడే తెరలకు దానిమ్మ తొక్క ఆధారంగా ఉండాలి, పైన బంతి ఒక్క ముంపు మాత్రమే. కొన్ని గంటలు కట్టుకొని బీరువాలో దాచే ఓణీకి బంతి ఒక్కటే చాలు. పసుపు కొమ్ము బట్టకు రంగుగా వద్దు.

డిసెంబరు 11

గోడకు రంగు వేశాము. ముందు రోజు సాయంత్రం, మళ్లీ ఆ ఉదయం గోడను బాగా తడిపించాను. పొడి గోడ పూతలోని నీటిని ఒక్కసారిగా లాగేసుకుంటే సున్నం గట్టిపడదు, పొడిగా రాలుతుంది. ఐదు కిలోల మాగిన సున్నపు ముద్దకు, ముందు రోజే వేడినీటిలో నానబెట్టి వడకట్టిన పసుపు మట్టి, జాజు కలిపి, పట్టు కోసం పలుచని గంజి కొంచెం పోసి, పాలలా పలుచబడే దాకా నీరు చేర్చాము. మేస్త్రి గారు చిక్కగా రెండు పూతలు చాలన్నారు. పలుచగా నాలుగు వేద్దామని నేను అడిగాను. చిక్కని పూత ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది, పలుచని పూతలలో వెలుగు ఒక పొరలోంచి మరో పొరలోకి దిగి తిరిగి వస్తుంది. ప్లాస్టిక్ రంగులో లేని లోతు దానివల్లనే వస్తుంది. రోజుకొక పూత చొప్పున నాలుగు రోజులు పట్టింది. మధ్యాహ్నం మూడు లోపు ప్రతి రోజూ పని ఆపేశాము, ఎండ నేరుగా పడుతూ ఉంటే పూత వేయకూడదు. కంటి అద్దాలు పెట్టుకోకుండా ఎవరినీ కుంచె ముట్టనివ్వలేదు.

మిగతా మూడు గోడలకూ ఇదే రంగు వేద్దామని అమ్మ అడిగింది. వద్దన్నాను. నాలుగు పసుపు గోడలు ఒకదాని మీద ఒకటి వెలుగు విసురుకుంటే ప్రతి గోడా తన అసలు రంగు కంటే చిక్కగా కనిపిస్తుంది, గదిలోని మనుషుల ముఖాలన్నీ పసుపు పూసుకున్నట్లు అవుతాయి. ఆ మూడింటికీ నీలి వేయని తెల్ల సున్నం వేయించాను. సున్నం తెల్లగా మెరవడానికి బట్టలకు పెట్టే నీలి కలపడం మన అలవాటే. పసుపు పక్కన ఆ నీలి తెలుపు కఠినంగా కనిపిస్తుంది, నీలి లేని తెలుపు పాలమీగడలా ఒదుగుతుంది.

డిసెంబరు 22

తెరలకు రంగు పట్టింది. రెండింటి బరువు కలిపి తొమ్మిది వందల గ్రాములు ఉండటంతో ఇంటి గిన్నెలు చాలక, బంధువుల ఇంటి నుంచి అన్నం వండే పెద్ద స్టీలు గంగాళం తెచ్చుకున్నాము. గంగాళంలో బట్ట మడత పడి నిలిచిన చోట మచ్చలు వస్తాయి కాబట్టి, నేను, చెల్లి వంతులవారీగా గంటన్నర సేపు ఆపకుండా కదిపాము.

వేలాడదీశాక ఒక పొరపాటు బయటపడింది. గోడ మీద పడిన వెలుగును చూస్తాము, తెరలోంచి మాత్రం వెలుగు ఇవతలికి వస్తుంది. సాయంత్రం ఎండ వెనుక నుంచి పడేసరికి తెర మండుతున్నట్లు వెలిగి, ఆ వెలుగు గోడ పసుపుతో కలిసి హాలంతా తేనెసీసాలో ఉన్నట్లయింది. చూడటానికి అందంగానే ఉన్నా, అందులో ఏ ఇతర రంగూ నిలబడలేదు. చెల్లి పట్టుకున్న కుంకుమ భరిణ కూడా గోధుమ రంగుగా కనిపించింది. తెరలకు వెనుక వైపు ముతక తెల్ల ఖద్దరు అస్తరు వేసి కుట్టించాను. ఇప్పుడు తెర తన పసుపును తనలోనే ఉంచుకుంటున్నది. పాడైన పేలికల ఆలివ్ అంచు కింద చక్కగా కుదిరింది.

రాత్రి దీపాలను కూడా మార్చాను. చల్లని తెల్ల వెలుగిచ్చే 6500 కెల్విన్ ఎల్‌ఈడీ తీసి, వెచ్చని వెలుగిచ్చే 3000 కెల్విన్‌వి పెట్టించాను. పెట్టె మీద రంగుల నాణ్యతను చూపే సీఆర్ఐ అంకె 90కి తక్కువ కానివి వెతికి కొన్నాను. గోడ రాత్రి పూట కూడా జబ్బు ముఖం వదిలింది.

జనవరి 9

శుభలేఖ పని త్వరగానే తేలింది. కంప్యూటరు తెర మీద పువ్వుకు దగ్గరగా వచ్చిన రంగు ఎరుపు 224, ఆకుపచ్చ 160, నీలం 32 (ఒక్కొక్కటి 255కు). ఆ పసుపుతో తెల్ల కాగితం మీద అక్షరాలు వేస్తే, రెంటి మధ్య వెలుగు తేడా నిష్పత్తి సుమారు 2.3 మాత్రమే. చిన్న అక్షరాలకు 4.5 ఉండాలన్నది వెబ్ పేజీల కోసం పెట్టిన ప్రమాణం, కాగితానికి కూడా అది మంచి కొలతే. మామయ్యగారి వయసు వారు ఆ అక్షరాలు చదవలేరు. పసుపు నేల మీద ముదురు మెరూన్ అక్షరాలు వేస్తే నిష్పత్తి సుమారు ఏడుకు చేరుతుంది. బంగారు రేకు ముద్ర కూడా పసుపు మీద కనబడకుండా పోతుంది, మెరూన్ మీదనే వెలుగుతుంది.

ప్రెస్సు వారు తెచ్చిన మొదటి నమూనాలో రంగు మట్టి పట్టినట్లు ఉంది. అచ్చులో నాలుగు సిరాల చిన్న చుక్కలు కలిసి రంగవుతాయి. గరుకు కాగితం మీద వాటిలోని ఎరుపు చుక్కలు పాకి పెద్దవై, పసుపును మింగేశాయి. నాలుగు రంగుల చుక్కలతో కాక, ఒకే సిరాను ముందుగా కలిపించి స్క్రీన్ ప్రింటింగ్ చేయించాము. అది శుభ్రంగా వచ్చింది.

కాగితమంతా పసుపుగా ఉండాలని నేను ముందు గీసుకున్న బొమ్మను అమ్మ ఒక్క మాటతో మార్పించింది. "శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాయాలి కదా, పసుపు కాగితం మీద పసుపు రాస్తే ఎవరికి కనబడుతుంది?" అని అడిగింది. అందుకని కాగితం మీగడ తెలుపు, నడుమ అడ్డంగా ఒక పసుపు పట్టీ, నాలుగు మూలలూ ఖాళీ. అమ్మ వేలితో రాసే పసుపు కోసమే ఆ ఖాళీ.

జనవరి 25

ఓణీ రెండున్నర మీటర్ల మంగళగిరి నూలు. బరువు 240 గ్రాములు. సబ్బు సోడాతో ఉడికించి గంజి పోగొట్టి, 48 గ్రాముల కరక్కాయ పొడి కషాయంలో ఒక రాత్రి, 36 గ్రాముల పటికలో మరో రాత్రి ఉంచాను. మూడు కిలోల బంతి పూలు ఒలిస్తే రెండు కిలోలకు లోపు రేకలు వచ్చాయి. మొదటి ముంపుకు ఎండుగడ్డి పసుపు, రెండో రేకల రసంలో ముంచాక నిండు బంగారం. నీడలో ఆరబెట్టి, సబ్బు కాకుండా కుంకుడు రసంతో ఉతికాను.

రవిక దగ్గర మేము తర్జనభర్జన పడ్డాము. నీలం రవిక పక్కన పెడితే ఓణీ గద్దించినట్లు ముందుకు వచ్చింది. చిలకాకుపచ్చ పక్కన అది లేతబడింది. కుంకుమ రంగు పక్కన పసుపు తన స్థానంలో కుదురుకొని, చెల్లి చామనచాయకు ఒక వెచ్చదనం ఇచ్చింది. జరీ అంచు కావాలా అని దర్జీ అడిగారు. జరీ ఈ పసుపులో మాయమవుతుంది, ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదు కాబట్టి వద్దన్నాము.

"అక్కా, ఆ రోజు అందరూ నాకు పసుపు పూస్తారు కదా, ఓణీకి అంటితే?" అని చెల్లి అడిగింది. అంటుతుంది. అంటిన చోట సబ్బు పెడితే ఎర్రబడుతుంది, అందుకని సబ్బు పెట్టవద్దు. నీళ్లతో జాడించి ఎండలో ఆరేస్తే ఆ మచ్చలు పోతాయి. బంతి మాత్రం ఒకటి రెండు పూటల ఎండకు పెద్దగా తగ్గదు. కిటికీ మీద మూడు వారాలు చూసిన తేడా ఇక్కడ ఇలా అక్కరకు వచ్చింది.

ఫిబ్రవరి 7

హాలు పూర్తయింది. ఉదయం పదింటికి చిల్లుల అట్టలోంచి కొత్త ముద్దబంతి పువ్వును గోడతో, తెరతో, ఓణీతో, శుభలేఖతో ఒక్కొక్కటిగా చూశాను. ఓణీ పువ్వుతో పూర్తిగా కలిసింది. శుభలేఖ పట్టీ ఒక పిసరు ఎర్రన. తెర ఒక పిసరు ముదురు. గోడ ఒక పిసరు లేత. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, హాలులో నిలబడి చూస్తే తెలియడం లేదు.

పాత ఎనామిల్ పోయిన టేకు గడపకు అమ్మ ఈరోజు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. చెక్క మీద చేతివేళ్ల చారలు కనబడుతున్నాయి. గోడకు మిగిలిన రంగు సున్నాన్ని ఒక జాడీలో నీళ్లు నిలిపి మూత పెట్టి, మూత మీద కొలతలు రాశాను: ముద్ద ఐదు కిలోలు, పసుపు మట్టి నాలుగు వందల గ్రాములు, జాజు పది గ్రాములు. ఓణీ గుడ్డలోంచి కత్తిరించిన పేలికను ఈ డైరీ వెనుక అట్టకు అంటించి, సగం కాగితంతో కప్పాను.